ఆకుపచ్చ ఏమైంది? పెరటి వేధశాలలు, నిహారికల రంగుల చరిత్ర

ఈ పాఠం మొదలుపెట్టే ముందు మీ ఫోన్‌లో ఓరియన్ నిహారిక ఛాయాచిత్రం ఒకటి తెరిచి పక్కన పెట్టుకోండి. శీతాకాలపు రాత్రి ఆరుద్ర నక్షత్రం మెరిసే రాశిలోనే, వరుసగా కనిపించే మూడు చుక్కలకు కొంచెం దిగువన ఈ నిహారిక ఉంటుంది. మామూలు కంటికి అది మసకబారిన చుక్క మాత్రమే. ఫోన్‌లోని చిత్రంలో అది గులాబీ, ఎరుపు, ఊదా కలిసిన పెద్ద మేఘం. పెద్ద దూరదర్శినిలో కన్ను పెట్టి చూసినవారు తరచుగా చెప్పేది ఈ రెండూ కాదు. దాని నడిమి భాగం లేత ఆకుపచ్చగా ఉంటుందని చెబుతారు. మీ చిత్రంలో ఆ ఆకుపచ్చ దాదాపు ఉండదు.

ఏ రంగు నిజం అన్నది భౌతికశాస్త్రం అడిగే ప్రశ్న. చరిత్ర విద్యార్థిగా మీరు అడగవలసింది వేరు. ఈ రంగు ఎప్పుడు నిర్ణయమైంది? ఎవరి చేతిలో, ఏ పరికరం వల్ల? శాసనం చదివేటప్పుడు ఎవరు చెక్కించారు, ఎందుకు చెక్కించారు, ఏ అక్షరాలు అరిగిపోయాయి అని అడగడం మీకు అలవాటే. ఛాయాచిత్రం కూడా అలాంటి ఆధారమే. పైగా అది తనను తాను సాక్షిగా చెప్పుకుంటుంది కాబట్టి దాన్ని ఇంకొంచెం గట్టిగా అడ్డుప్రశ్నలు వేయాలి.

ఒక చిన్న వివరణ. పంతొమ్మిదవ శతాబ్దపు రచనల్లో 'నెబ్యులా' అనే మాట ఈనాటి కంటే విస్తృతమైంది. ఆకాశంలో మబ్బులా కనిపించే ప్రతిదాన్నీ అలాగే పిలిచేవారు. ఈనాడు మనం గెలాక్సీ అంటున్న ఆండ్రోమెడా కూడా అప్పటి వారికి నెబ్యులాయే. మూలాధారాలు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

తోటలో కనిపించిన గీత

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన సామెత. నిహారికల చరిత్రలో మాత్రం అసలు వైద్యమంతా పెరట్లోనే జరిగింది. విలియం హగ్గిన్స్ విశ్వవిద్యాలయంలో చదివినవాడు కాదు. ఆయన కుటుంబానికి లండన్‌లో పట్టుబట్టల దుకాణం ఉండేది. 1854లో ఆ వ్యాపారం వదులుకుని, అప్పటికి నగర శివారుగా ఉన్న టల్స్ హిల్‌కు మారి, 1856లో ఇంటి తోటలోనే వేధశాల కట్టుకున్నాడు.

అప్పటికి పెద్ద వివాదం ఒకటి నడుస్తోంది. నిహారికలన్నీ దూరంగా ఉన్న నక్షత్రాల గుంపులేనా? లేక వాటిలో కొన్ని నిజంగా వాయు మేఘాలా? పెద్ద పెద్ద దూరదర్శినులు కట్టినా తగువు తెగలేదు. 1864 ఆగస్టు 29న హగ్గిన్స్ తన దూరదర్శినికి వర్ణపటదర్శినిని బిగించి, డ్రాకో రాశిలోని ఒక నిహారిక వైపు తిప్పాడు. నక్షత్రాల గుంపు అయితే వర్ణపటం ఇంద్రధనుస్సులా ఎడతెగకుండా పరుచుకోవాలి. ఆయనకు కనిపించినవి ప్రకాశవంతమైన విడి గీతలు. వాటిలో అన్నిటికంటే వెలుగైన గీత ఆకుపచ్చ ప్రాంతంలో ఉంది. అంటే అది వాయువు. దశాబ్దాల వాదన ఒక్క రాత్రిలో తేలిపోయింది, అదీ ఒక ఇంటి తోటలో.

ఆ ఆకుపచ్చ గీత భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపడలేదు. దాంతో 'నెబ్యూలియం' అనే కొత్త మూలకాన్ని ఊహించారు. 1927లో అమెరికా భౌతికశాస్త్రవేత్త ఐరా బోవెన్ అసలు సంగతి తేల్చాడు. అది కొత్త మూలకం కాదు, రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్. మన ప్రయోగశాలల్లో ఎంత పలుచన చేసినా వాయువులోని అణువులు ఒకదానితో ఒకటి ఢీకొంటూనే ఉంటాయి కాబట్టి ఆ వెలుగు బయటపడే అవకాశం రాదు. నిహారికలోని శూన్యంలాంటి పలుచదనంలోనే అది వీలవుతుంది. ఆ వెలుగు తరంగదైర్ఘ్యం 500.7 నానోమీటర్లు. చీకటికి అలవాటుపడిన మన కన్ను అత్యంత చురుగ్గా పనిచేసేది సుమారు 507 దగ్గర. ఈ రెండు సంఖ్యలు దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. కాబట్టి కంటికి కనిపించే నిహారికలో పెద్ద భాగం ఈ ఆక్సిజన్ వెలుగే. అదే నిహారిక నుంచి హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర గాఢమైన ఎరుపు వెలుగును వెదజల్లుతుంది. చీకట్లో మన కంటికి ఆ ఎరుపు దాదాపు కనిపించదు.

పలక చూసిన నిహారిక

ఛాయాచిత్రం రావడానికి పలక మారాలి. పాత కొలోడియన్ పలక తడిగా ఉన్న కొద్ది నిమిషాలే పనిచేసేది. నిహారికకు అది చాలదు. 1871లో రిచర్డ్ మ్యాడాక్స్ అనే ఇంగ్లిష్ వైద్యుడు ప్రకటించిన జిలటిన్ పొడి పలకతో గంటల తరబడి వెలుగును పోగుచేయడం సాధ్యమైంది. 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ న్యూయార్క్ దగ్గర హడ్సన్ నది ఒడ్డున ఉన్న తన సొంత వేధశాలలో, భార్య మేరీ అన్నా సాయంతో, ఓరియన్ నిహారికను పలక మీదికి దించాడు. నిహారికకు అది మొట్టమొదటి ఛాయాచిత్రం. గంటకు కాస్త తక్కువ సేపు పలకను తెరిచి ఉంచాడు.

నాకు ఇంతకంటే ఇష్టమైన ఉదాహరణ ఈలింగ్‌ది. ఈలింగ్ లండన్ శివారు. అక్కడ ఆండ్రూ ఐన్స్‌లీ కామన్ అనే పారిశుధ్య ఇంజనీరు తన ఇంటి తోటలో 36 అంగుళాల అద్దంతో పరావర్తన దూరదర్శినిని నిలబెట్టాడు. 1883లో ఆయన తీసిన ఓరియన్ చిత్రాల్లో, అదే దూరదర్శినిలో కన్ను పెట్టి చూసినా కనబడని నక్షత్రాలు కనిపించాయి. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. అంతవరకు ఛాయాచిత్రం కన్ను చూసినదానికి నకలు. ఆ రోజు నుంచి కన్ను చూడలేనిదానికి సాక్షి. దానితో సరిచూడటానికి కంటి దగ్గర ఏమీ మిగల్లేదు. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ 1884లో కామన్‌కు స్వర్ణపతకం ఇచ్చింది. ఆ దూరదర్శిని తర్వాత హాలిఫాక్స్‌లోని ఎడ్వర్డ్ క్రాస్లీకి, ఆయన నుంచి 1895లో కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలకు చేరింది. అంటే శివారు పెరట్లో పుట్టిన పరికరం కొండెక్కింది. వేధశాలలు కొండలెక్కడం ఆ కాలంలో అంతటా మొదలైంది, పెరడు నెమ్మదిగా వెనకబడింది.

సాక్షి మాటను ఎలా తప్పుగా అర్థం చేసుకోవచ్చో చూపే ఉదాహరణ కూడా ఆ రోజుల్లోదే. లివర్‌పూల్ దగ్గర మాగ్‌హల్‌లో ఐజాక్ రాబర్ట్స్ అనే భవన నిర్మాణ వ్యాపారి 1888లో ఆండ్రోమెడాను ఫొటో తీసి, దాని సర్పిలాకారాన్ని మొదటిసారి స్పష్టంగా చూపించాడు. అందులో ఆయనకూ, చాలామందికీ కనిపించింది ఒక సౌరకుటుంబం పుట్టుక. అది కోట్లాది నక్షత్రాల గెలాక్సీ అని ఎడ్విన్ హబుల్ రుజువు చేయడానికి 1920ల దాకా పట్టింది. చిత్రం అబద్ధం చెప్పలేదు. చూసినవారి దగ్గర అప్పటికి ఉన్న సిద్ధాంతం అది.

ఇక రంగు సంగతి. ఆ తొలి పలకలన్నీ నలుపు తెలుపువే అని మీకు తెలుసు. కానీ నలుపు తెలుపు పలకకు కూడా ఒక రంగు పక్షపాతం ఉంటుంది. ఆనాటి మామూలు పలకకు ఊదా, నీలం, కంటికి కనబడని అతినీలలోహితం మాత్రమే తెలుసు. ఆకుపచ్చ అంతంతమాత్రం, ఎరుపు అసలు తెలియదు. కాబట్టి కామన్ పలక చూసిన ఓరియన్ కన్ను చూసిన ఓరియన్ కాదు, మీ ఫోన్‌లోని ఓరియన్ కూడా కాదు. నీలం, ఊదా వైపు హైడ్రోజన్, ఆక్సిజన్ వెలువరించే ఇతర గీతలతో తయారైన మూడో ఓరియన్ అది. ఈ మాట హైదరాబాదుకూ వర్తిస్తుంది. నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల, 1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ఆకాశ పట పథకంలో పాలుపంచుకుని, 8 అంగుళాల ఛాయాచిత్ర దూరదర్శినితో ఆకాశంలో తనకు కేటాయించిన భాగాన్ని ఫొటోలు తీసింది. అవి నిహారికల కోసం కాదు, నక్షత్రాల స్థానాల కోసం. కానీ పలక స్వభావం అదే. హైదరాబాదు ఆకాశంలో ఎర్రని నక్షత్రం ఆ పలక మీద ఉన్నదానికంటే మసకగానే పడింది.

ఎరుపు రాక

రంగు ఛాయాచిత్రానికి మూలసూత్రం 1861లోనే ఉంది. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక గళ్ల రిబ్బన్‌ను ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా విడివిడిగా ఫొటో తీయించి, ఆ మూడింటినీ తెర మీద ఒకదానిపై ఒకటి పడేలా చూపించాడు. రంగు వచ్చింది. నిజానికి ఆనాటి పలకకు ఎరుపు తెలియదు కదా, ఎలా వచ్చింది? సరిగ్గా వందేళ్ల తర్వాత, 1961లో, కొడాక్ పరిశోధకులు ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూశారు. రిబ్బన్‌లోని ఎర్ర అద్దకం అతినీలలోహితాన్ని కూడా ప్రతిఫలించింది, ఎర్ర వడపోత దాన్ని ఆపలేదు, పలక దాన్నే పట్టుకుంది. తొలి రంగుల చిత్రంలోని ఎరుపు ఎరుపు కాదన్నమాట.

ఎరుపుకు స్పందించే పలకలు, రంగుల ఫిల్ము వచ్చాక కూడా నిహారికలకు ఇబ్బంది తప్పలేదు. మసక వెలుగులో ఫిల్ముకు బద్ధకం ఎక్కువ. వెలుగు సగమైతే రెట్టింపు సమయం చాలాలి గదా అనుకుంటాం, చాలదు. 1900 నాటికే కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ దీన్ని లెక్కగట్టాడు. రంగుల ఫిల్ములో మూడు పొరలు ఉంటాయి, మూడింటి బద్ధకమూ ఒకటి కాదు. గంటసేపు తెరిచి ఉంచిన ఫిల్ము మీద తెల్లని నక్షత్రం కూడా రంగు మారిపోతుంది. పాలోమార్ వేధశాల ఛాయాచిత్రకారుడు విలియం మిల్లర్ ఈ తేడాను కొలిచి, దాన్ని సరిదిద్దే వడపోతలు తయారుచేసి, 200 అంగుళాల దూరదర్శినితో తీసిన రంగుల చిత్రాలను 1959లో ప్రచురించాడు. నిహారిక ఎర్రగా ఉంటుందన్న అభిప్రాయం సామాన్య ప్రజల్లో ఆ చిత్రాల నుంచే స్థిరపడింది. 1970ల చివరి నుంచి ఆస్ట్రేలియాలో డేవిడ్ మాలిన్ రంగుల ఫిల్మును పక్కన పెట్టి, మాక్స్‌వెల్ పద్ధతికే తిరిగి వెళ్లాడు. మూడు నలుపు తెలుపు పలకలు తీసి, చీకటిగదిలో కలిపి రంగు తెచ్చాడు. మూడు పలకల పాళ్లు ఎంతెంత అన్నది అప్పుడు చీకటిగదిలోని మనిషి నిర్ణయం. రంగుల సమతూకం అనే పని విడిగా కనిపించడం ఇక్కడే మొదలైంది.

వీధిదీపాలు

పెరడు మళ్లీ రంగంలోకి వచ్చేలోపు ఆకాశమే మారిపోయింది. హైదరాబాదు నగరం పెరిగి, బేగంపేటలో ఉన్న నిజామియా వేధశాల చుట్టూ దీపాలు కమ్ముకున్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960ల చివర్లో 48 అంగుళాల కొత్త దూరదర్శినిని నగరంలో పెట్టలేదు, దూరాన జాపాల్-రంగాపూర్‌లో పెట్టింది. వేధశాల ఊరు వదిలి పోగలదు. ఇంటి పెరట్లో చిన్న దూరదర్శిని పెట్టుకున్న ఉద్యోగి పోలేడు. 2001లో జాన్ బోర్టిల్ ఆకాశపు చీకటిని 9 తరగతులుగా విభజించాడు. శివారు ఆకాశం అందులో 5వ తరగతి. అక్కడి నుంచి తీసిన చిత్రంలో నమోదయ్యే వెలుగులో ఎక్కువ భాగం నిహారికది కాదు, ఆకాశానిది.

ఆ ఆకాశపు రంగు కూడా చరిత్రే. పాదరసపు దీపాలు 436, 546 నానోమీటర్ల దగ్గర గీతలు వేసేవి. సోడియం దీపాలు 589 దగ్గర పసుపు వెలుగు నింపేవి. ఆక్సిజన్ గీత, హైడ్రోజన్ గీత అదృష్టవశాత్తు వీటి మధ్య ఖాళీల్లో పడ్డాయి. దాంతో దీపాల గీతలను ఆపి నిహారిక గీతలను వదిలే వడపోతలు పెరటి పరిశీలకులకు వరమయ్యాయి. ఇప్పుడు వచ్చిన తెల్లని ఎల్ఈడీ దీపాలు అన్ని రంగులూ చల్లుతాయి, ఖాళీలు వదలవు. అందుకే 3 నుంచి 7 నానోమీటర్ల సన్నని కిటికీ మాత్రమే తెరిచే వడపోతలు పెరట్లోకి వచ్చాయి. సరిదిద్దని ముడి చిత్రాలు దాచినవారు ఉంటే, వాటి నేపథ్యపు రంగులో ఆ వీధి దీపాల చరిత్ర కూడా దొరుకుతుంది. స్థానిక చరిత్ర రాసేవారు ఇలాంటి ఆధారాన్ని ఇంకా పెద్దగా వాడుకోలేదని నా అభిప్రాయం.

తెలుపు ఏది?

1969లో బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించిన సీసీడీ, ఆ తర్వాత వచ్చిన డిజిటల్ కెమెరా పెరటికి పూర్వపు బలాన్ని తిరిగి ఇచ్చాయి. కొద్ది నిమిషాల చిత్రాలు వందలకొద్దీ తీసి కంప్యూటర్‌లో కలిపితే, నాలుగు రెట్లు సమయానికి కరకరలాడే గరుకు సగానికి తగ్గుతుంది. ఈ కెమెరాలకూ పక్షపాతాలు ఉన్నాయి. మామూలు కెమెరాలో పరారుణాన్ని ఆపే పలక నిహారిక ఎరుపులో చాలా భాగాన్ని కూడా ఆపేస్తుంది. కెనాన్ సంస్థ 2005లో ఖగోళ ఛాయాచిత్రకారుల కోసమే ఒక నమూనాలో ఆ పలకను మార్చింది. ఇంకొకటి, 1976లో కొడాక్ ఇంజనీరు బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన అమరికలో ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చవి. మనిషి కంటికి అనుగుణంగా చేసిన ఏర్పాటు అది.

ఇప్పుడు రంగుల సమతూకం చూద్దాం. ముందుగా ఆకాశపు వెలుగును మూడు రంగుల నుంచీ తీసేసి నేపథ్యాన్ని తటస్థం చేస్తారు. ఆ తర్వాత తెలుపు ఏదో ఎంచుకోవాలి. సూర్యుని తరగతి నక్షత్రాన్ని తెలుపుగా తీసుకునేవారు ఉన్నారు, ఒక సగటు సర్పిల గెలాక్సీని తీసుకునేవారూ ఉన్నారు. ఇటీవలి సాఫ్ట్‌వేర్లు చిత్రంలోని నక్షత్రాలను గైయా ఉపగ్రహం కొలిచిన పట్టికతో పోల్చి పాళ్లు కడతాయి. ఇది గొప్ప మెరుగుదలే. కానీ ఒక మెలిక ఉంది. నక్షత్రం వెలుగు అన్ని రంగుల్లో పరుచుకుని ఉంటుంది, నిహారిక వెలుగు కొన్ని గీతల్లో మాత్రమే ఉంటుంది. నక్షత్రాలు సరిగ్గా వచ్చినంత మాత్రాన, 500.7 దగ్గరి గీతను ఏ కెమెరా ఎంత ఆకుపచ్చగా, ఎంత నీలంగా పంచుతుందో అది చెప్పదు.

ఇక్కడే మన ఆకుపచ్చ మాయమవుతుంది. నక్షత్రాల్లో ఆకుపచ్చవి కనిపించవు కాబట్టి చిత్రంలో ఎక్కువగా ఉన్న ఆకుపచ్చ దోషమేనని పెరటి ఛాయాచిత్రకారుల్లో ఒక నియమం ఏర్పడింది. దాన్ని ఒక్క మీటతో తీసేసే ఉపకరణాలు ఉన్నాయి. నియమానికి సరైన కారణమూ ఉంది. కెమెరాలో ఆకుపచ్చ గళ్లు రెట్టింపు. అసలైన చీకటి ఆకాశంలో కూడా వాతావరణపు ఆక్సిజన్ 557.7 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చగా మెరుస్తుంది. దాన్ని తీసేయడం న్యాయమే. కానీ అదే మీట హగ్గిన్స్ గీతను కూడా నీలం వైపు నెడుతుంది. శివారు తోటలో నిహారిక వాయువని రుజువు చేసిన వెలుగును, నూటయాభై ఏళ్ల తర్వాత శివారు పెరట్లలోనే చెత్తగా లెక్కగట్టి ఊడ్చేస్తున్నారు. దీన్ని మోసం అనను. చేసినవారు చెప్పకపోతే మాత్రం ఆధారం చెరిగిపోతుంది. ప్రతిలో ఒక పద్యాన్ని ప్రక్షిప్తమని తీసేసే పరిష్కర్త ఆ సంగతి పీఠికలో రాయాలని కోరుకుంటాం గదా.

దీనికి భిన్నంగా, రంగును పూర్తిగా మార్చి, మార్చానని చెప్పిన చిత్రం నాకు ఎక్కువ నిజాయితీగా అనిపిస్తుంది. 1995 ఏప్రిల్ 1న జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ హబుల్ దూరదర్శినితో ఈగల్ నిహారికలోని ధూళి స్తంభాలను చిత్రించారు. గంధకం వెలుగును ఎరుపుగా, హైడ్రోజన్‌ను ఆకుపచ్చగా, ఆక్సిజన్‌ను నీలంగా చూపించారు. నిజానికి గంధకం, హైడ్రోజన్ రెండూ ఎరుపే. విడిగా చూపకపోతే ఏ వాయువు ఎక్కడుందో తెలియదు. రాజకీయ పటంలో జిల్లాలకు రంగులు వేసినట్లే ఇదీ. పెరటివారు ఈ పద్ధతిని ఆనందంగా స్వీకరించారు. అయితే హైడ్రోజన్ ఎక్కువ కాబట్టి చిత్రం అంతా ఆకుపచ్చగా వస్తుంది. దాన్ని మళ్లీ బంగారు రంగుకు లాగుతారు. ఆకుపచ్చకు ఇక్కడా చోటు దొరకలేదు.

పక్కన పెట్టుకున్న చిత్రం కింద ఏమైనా రాసి ఉందేమో ఇప్పుడు చూడండి. ఉదాహరణకు, 'హైడ్రోజన్ 6 గంటలు, ఆక్సిజన్ 8 గంటలు, బోర్టిల్ 6' అని ఉందనుకుందాం. ఆక్సిజన్‌కు ఎక్కువ సమయం ఇచ్చారంటే ఆ వెలుగు బలహీనంగా వచ్చి ఉంటుంది, లేదా దీపాల కాలుష్యం ఆ వైపు ఎక్కువై ఉంటుంది. గంధకం పేరు లేదు కాబట్టి అది హబుల్ పద్ధతి కాదు. రెండు గీతలతో మూడు రంగులు తెచ్చారంటే మూడోది, అంటే చాలాసార్లు ఆకుపచ్చ, ఆ రెండింటినీ కలిపి లెక్కగట్టి పూరించినది. ఏ పాళ్లలో కలిపారో సాధారణంగా ఎవరూ రాయరు. చిత్రం కింద పేరు ఉంటే తీసినవారికి ఉత్తరం రాసి అడగండి. ఈ రంగంలో చాలామంది ఓపిగ్గా జవాబిస్తారు, ముడి చిత్రాలు కూడా దాచుకుంటారు.